పాతకారులో థర్మోస్టాటు

పాతకారు గలవారికి మన ఊళ్లలో ఒక సలహా తప్పక దొరకును: "మన ఎండలకు థర్మోస్టాటు ఎందుకండీ? అది చలిదేశాల వారికి కావాలి గాని!" ఈ మాటను మేమును నమ్మి రెండేండ్లు కారు నడిపితిమి. నమ్మి ఏమి పోగొట్టుకొంటిమో, పిదప ఆ చిన్న పరికరమును ఇంటివద్దనే ఎట్లు అమర్చుకొంటిమో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

మా కారు అంబాసిడరు. ఆంగ్లేయుల మారిస్ ఆక్స్‌ఫర్డు కారు దీనికి మూలము. 1950ల చివర నుండి 2014 వరకు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో ఇవి తయారైనవి. మా తండ్రిగారు దీనిని 1974లో కొనిరి. వారు పోయిన తరువాత అమ్మివేయుటకు మా తల్లిగారు ఒప్పుకొనలేదు. సికింద్రాబాదు మారేడుపల్లిలో, మా ఇంటి వేపచెట్టు నీడనే ఇప్పటికిని ఉన్నది. 15 ఏండ్లు దాటిన సొంతకారునకు ఐదేండ్లకొకమారు రిజిస్ట్రేషను తిరిగి చేయించుకొనవలెను గదా; ఆ దినమున తప్ప దానికి వయసు వచ్చినదని మా ఇంట ఎవరును అంగీకరింపరు.

2019 మే నెలలో మా తల్లిగారిని యాదగిరిగుట్టకు తీసికొని పోవుచుంటిమి. ఉప్పలు, ఘట్‌కేసరు దాటి బీబీనగరము సమీపించునప్పటికి ఎండ నిప్పులు చెరుగుచున్నది. మా తండ్రిగారు వేరుగా కొని బిగించిన వేడిమి సూచిక ముల్లు ఎర్రగీత దాటినది. బానెటు సందులనుండి ఆవిరి వెడలినది. కారు ఆపగనే మా తమ్ముడు గుడ్డ చేతికి చుట్టుకొని రేడియేటరు మూత త్రిప్పెను. మేము వలదని అరచులోపలనే మరగునీరు చిమ్మి అతని మోచేతివరకు కాలినది. దారినిపోవువారెవరో పళ్లపేస్టు పూయుమనిరి. మా తల్లిగారు వినిపించుకొనక, త్రాగుటకు తెచ్చుకొన్న రెండు సీసాల చన్నీళ్లును, ఆపై టీకొట్టువాని బిందెలోని నీరును ఆ చేతిపై ధారగా పోయుచునే ఉండిరి. మచ్చ మిగిలినది గాని చేయి దక్కినది.

మూత తీసినంతమాత్రమున ఇంత ప్రమాద మెందుకు కలుగును? సముద్రమట్టమునకు 540 మీటర్ల ఎత్తుననున్న సికింద్రాబాదులో నీరు 100 డిగ్రీల వరకు ఆగదు, 98 దాటగనే మరగును. కాని రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. లోపలి ఒత్తిడి వలన నీరు అంతకు మించిన వేడిలోనూ మరగక నిలిచియుండును. మూత తీసిన క్షణమున ఆ ఒత్తిడి పోవును. నీటిలో కొంతభాగము ఒక్కుమ్మడిగా ఆవిరియై తక్కిన నీటిని వెంటబెట్టుకొని పైకెగయును. చేతికి గుడ్డ చుట్టుకొనుట దీనికి రక్ష కాదు. ఇంజను ఆపి, మూతపై చేయి ఆనించి ఉంచగలుగునంత చల్లబడువరకు కూర్చుండుటయే చేయదగిన పని.

అక్కడి మేస్త్రీ యొకడు వచ్చి రేడియేటరు అడుగు తాకిచూచెను. ఇంజను కాలుచున్నను అడుగు చల్లగా ఉన్నది. అనగా వేడినీరు రేడియేటరుకు చేరుటయే లేదు. అతడు ఇంజను తలపైనున్న మోచేతి గొట్టమును విప్పి, ఇత్తడి బిళ్లవంటి దానిని వెలికితీసి, "మన దిక్కు ఎండలకు ఇదెందుకు సార్?" అని రోడ్డు ప్రక్కకు విసరివైచెను. గుట్టకు పోయితిమి, దర్శనము చేసికొంటిమి, ఇల్లు చేరితిమి. ఆ వేళకు అతడు చేసినది సరియైన పనియే. ఆ తరువాత రెండేండ్లు మేము చేసినదే తప్పు.

థర్మోస్టాటు ఇంజనును చల్లబరచు పరికరము కాదు, వేడిచేయునదియు కాదు. ఇంజను నీటికిని రేడియేటరుకును నడుమనున్న తలుపు. దాని కడుపులో చిన్న ఇత్తడి గిన్నె, అందులో మైనము. నీరు చల్లగా ఉన్నంతవరకు స్ప్రింగు తలుపును మూసియుంచును. నీరు రేడియేటరుకు పోక ఇంజనులోనే తిరుగుచు త్వరగా వేడెక్కును. మా దానిపై 82 అని అచ్చు గ్రుద్దియుండెను. ఆ వేడికి మైనము కరగి, ఉబ్బి, కడ్డీని నెట్టును, తలుపు తెరచుకొనును. మరియొక పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరచుకొనును. ఇంతకు పూర్వపు కార్లలో మైనమునకు బదులు, తేలికగా ఆవిరియగు ద్రవముతో నిండిన ముడతల డబ్బీ ఉండెడిది. ఆ డబ్బీ చిల్లిపడినచో తలుపు సాధారణముగా తెరచుకొనియే ఉండిపోవును. మైనపుది చెడినచో మూసికొనిపోవుటయు కలదు. మాకు బీబీనగరము వద్ద జరిగినది అదియే.

ఎండలు మండు దేశములో నీటిని వేడి కానిచ్చుట ఏమి అవసరమని అడుగుదురు. మే నెల మధ్యాహ్నమున గాలి 42 డిగ్రీలున్నను ఇంజను కోరునది దానికి దాదాపు రెండింతలు. డిసెంబరు తెల్లవారుజామున బోయినపల్లి ప్రాంతమున పది పన్నెండు డిగ్రీలకు దిగుట అరుదు కాదు. చల్లని సిలిండరులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక గోడల వెంట జారి నూనెపొరను కడుగును, క్రిందికి దిగి నూనెలో కలియును. తేమయు నూనెలోనే నిలిచిపోవును. మా కారు సూచిక ముల్లు ఆ రెండేండ్లును సగమువరకు ఎన్నడును ఎక్కలేదు. ఉదయమున చోకు లాగి, పారడైజు దాటువరకు దానిని లోనికి నెట్టలేకపోతిమి. పెట్రోలు ఖర్చు పెరిగినది. ఒకనాడు నూనెపోయు మూత తీసిచూడగా లోపల మీగడవంటి తెల్లని జిగురు! అది చూచి గాని మాకు బుద్ధి రాలేదు.

థర్మోస్టాటు తీసివేసినచో నీరు మరీ వేగముగా పారి, చల్లబడుటకు వ్యవధి చాలదని కొందరు చెప్పుదురు. ఈ వాదము మాకు నచ్చలేదు. వేగముగా పోయిన నీరు వేగముగానే మరల వచ్చును గదా. తీసివేయరాదనుటకు పైన చెప్పిన కారణములే చాలును.

రాణిగంజులో విడిభాగముల దుకాణమున రెండు థర్మోస్టాట్లు కొంటిమి. వంటింట పాతగిన్నెలో నీళ్లు పోసి, తలుపు సందున దారము ఇరికించి, ఆ దారముతోనే దానిని గిన్నె అడుగు తగులకుండ వ్రేలాడదీసితిమి. ప్రక్కనే పాకములు చూచు ఉష్ణమాపకము. (జ్వరము చూచునది పెట్టిన పగిలిపోవును.) మొదటిది 83 వద్ద దారము విడిచి టప్పున గిన్నెలో పడినది. రెండవది నీరు తెర్లుచున్నను దారము విడువలేదు. క్రొత్తది, కాగితపు పెట్టెలోనిది! దుకాణదారుడు మారుమాట లేక మార్చియిచ్చెను. పరీక్షింపక బిగించియుంటిమా, మరల బీబీనగరమే.

ఆదివారము తెల్లవారుజామున, రాత్రియంతయు చల్లారిన ఇంజనుతో పని ప్రారంభించితిమి. రేడియేటరు అడుగు కుళాయి త్రిప్పి రెండు మూడు లీటర్లు బేసినులో పట్టితిమి. కూలెంటు కలిసిన నీరైనచో నేలపాలు చేయరాదు. అది తియ్యగా ఉండు విషము, కుక్కలు నాకును. మీది రబ్బరు గొట్టము వదలుచేసి, మోచేతి గొట్టమును పట్టియున్న మూడు నట్లను పానాతో పట్టితిమి. రెండు వచ్చినవి. మూడవదానిపై బలము చూపగా స్టడ్డే పుటుక్కున విరిగినది. ముందురాత్రి తుప్పునూనె పోసి నాననిచ్చియుండిన ఈ కష్టము తప్పెడిది. అరగంట పనియని తలచినది రెండు దినములైనది. విరిగిన ముక్కను తీయించుటకు లేతు మేస్త్రీని బ్రతిమాలి ఇంటికి తీసికొని రావలసివచ్చెను. కావున పాత ఇనుముతో పంతము పట్టవలదు. మోచేతి గొట్టము కదలనిచో స్క్రూడ్రైవరు దూర్చి పెకలింపరాదు. చెక్కసుత్తితో ప్రక్కలనుండి మెల్లగా తట్టవలెను.

పాత కాగితపు ప్యాకింగును బ్లేడుతో గీకునప్పుడు రంధ్రములో గుడ్డ కుక్కితిమి. మైనపు గిన్నె, స్ప్రింగు ఉన్న వైపు ఇంజనులోనికి ఉండవలెను. దీనిని తలక్రిందుగా పెట్టి, కారు మరుగుచున్నదని రేడియేటరును నిందించినవారిని మేమెరుగుదుము. బిళ్లపై చిన్న రంధ్రము, అందు కదలాడు పిన్ను ఉండును. నీరు నింపునప్పుడు లోపలి గాలి పోవు దారి అది. క్రొత్త ప్యాకింగునకు పలుచగా గ్రీజు రాచి, మూడు నట్లను వంతులవారీగా కొంచెము కొంచెముగా బిగించితిమి. ఒకదానిని పూర్తిగా బిగించి మరొకదానికి పోయినచో మోచేతి గొట్టము వంకరయై నీరు కారును. పిదప డిస్టిల్డు వాటరు, కూలెంటు సమపాళ్లుగా కలిపి మెల్లగా పోసితిమి. మా బోరునీటితో కాచిన కెటిలు అడుగున ఎంత సున్నము పేరుకొనునో ప్రతి గృహిణికి తెలియును. రేడియేటరు సన్నని గొట్టములలోను అదియే జరుగును.

మూత తెరచియే ఇంజను నడిపితిమి. తమ్ముడు మచ్చబడిన ఆ చేతినే మీది గొట్టముపై ఆనించి నిలుచుండెను. పది నిముషములు గొట్టము చల్లగనే ఉన్నది. అతని ముఖమున సందేహము. అంతలో చేయి వెనుకకు లాగికొని, "వచ్చిందన్నా!" అనెను. నీటిమట్టము గుడగుడమని దిగినది. మరల నింపి, మూత పెట్టితిమి. ముల్లు సగమునకు వచ్చి నిలిచినది.

మా తల్లిగారు వంటింటి గుమ్మమునుండి, ఆ గిన్నె ఇక లోనికి తేవలదని చెప్పిరి. అది ఇప్పుడు కారు వెనుక పెట్టెలో ఉన్నది, రెండవ థర్మోస్టాటు అందులోనే ఉన్నది.