నుసుమల కాలంలో మా గుర్రం



స్త్రీల కార్యక్రమంలో గుర్రం సంగతేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. గేదెకు కుడితి పెట్టేదీ, కోళ్ళను గంప కింద మూసేదీ ఆడవాళ్ళే అయినప్పుడు, గుర్రానికి ఉలవలు ఉడకబెట్టేది మాత్రం ఎవరండీ? మా ఇంట్లో ఆ పని నాదే. మా మామగారు జట్కా తోలేవారు. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది. ఇప్పుడు మావారు ఒక్క తెల్ల గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతున్నారు. దాని పేరు రాణి. ఇంట్లోకి బియ్యం, పిల్లల ఫీజులు అన్నీ దాని మీదే.

పెళ్ళి గుర్రమంటే జూలు దువ్వి పూసలు కట్టాలి, తోక కుచ్చులా జారాలి. అటువంటిది మూడేళ్ళ క్రితం వానలు మొదలుకాగానే రాణి మెడను గుంజకేసి రాసుకోవడం మొదలుపెట్టింది. శ్రావణం వచ్చేసరికి జూలు సగం ఊడింది. తోక మొదట్లో రక్తం చిమ్మేదాకా గోడకు రుద్దుకునేది. రాత్రిళ్ళు ఆ రుద్దుడు చప్పుడుకు మాకు నిద్ర ఉండేది కాదు. ముహూర్తం రెండు రోజులుందనగా పెళ్ళివారు వచ్చి చూసి, "ఈ గజ్జి గుర్రాన్నా మావాడు ఎక్కేది?" అని అడ్వాన్సు వెనక్కి తీసుకుపోయారు.

ఎవరో చెబితే వాడేసిన ఇంజను ఆయిలు పట్టించాను. బుద్ధి తక్కువ పని. రెండోనాటికి చర్మం పొక్కిపోయింది. అమ్మేద్దామన్నారు మావారు. వచ్చిన బేరం వింటే నాకు ఏడుపే వచ్చింది.

అప్పుడు పశువుల డాక్టరుగారికి చూపించాం. ఆయన చర్మం గీకి పరీక్ష చేసి గజ్జి పురుగు లేదన్నారు. "అమ్మా, చలికాలంలో కూడా ఇలాగే గోక్కుంటుందా?" అని అడిగారు. ఆలోచించి చూస్తే, అంతకుముందు ఏడు కూడా వానల్లో కాస్త రాసుకుంది, సంక్రాంతి నాటికి తగ్గింది. మేమే పట్టించుకోలేదు.

అదే దీని గుట్టు. నువ్వుగింజంత కూడా ఉండని నుసుమలు, అందులోనూ ఆడవి, రక్తం కోసం కుడతాయి. కుట్టినప్పుడు లోపలికి దిగే వాటి లాలాజలం కొన్ని గుర్రాలకు పడదు. మనలో కొందరికి వంకాయ తింటే దద్దుర్లు రావడం లేదూ, అలాగన్నమాట. ఒక గుర్రం నుంచి ఇంకొక గుర్రానికి అంటదు, మనకూ అంటదు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని స్వీట్ ఇచ్ అంటారు. తియ్యదనం ఎక్కడుందో నాకు తెలియలేదు! ఈ నుసుమల బెడద ఒకప్పుడు ఎరగని ఐస్‌లాండు నుంచి ఐరోపాకు తెచ్చిన గుర్రాలకు ఈ దురద ఎక్కువట. అదే జాతిది అయినా ఐరోపాలోనే పుట్టి పెరిగిన గుర్రాలకు అంత రాదట. తల్లికో తండ్రికో ఉంటే పిల్లకూ రావచ్చు కనుక అటువంటి గుర్రాన్ని ఈతకు కట్టవద్దన్నారు.

నుసుమలు ముఖ్యంగా పొద్దువాలే వేళా, తెల్లవారుజామునా విరుచుకుపడతాయి. మేమేమో సరిగ్గా ఆ వేళకే రాణిని చెరువుగట్టున మేతకు కట్టేవాళ్ళం! ఇప్పుడు నాలుగింటికల్లా లోపల కట్టి, ఎండెక్కాకే బయటికి వదులుతున్నాం. వీటికి రెక్కబలం తక్కువ, గాలికి నిలవలేవు. అందుకని శాలలో ఫ్యాను పెట్టాం. వైరు గుర్రం నోటికి అందకుండా పైనుంచి లాగించండి. ఇవి తడిబురదలో, పేడలో పుడతాయి. తొట్టి చుట్టూ మడుగు కట్టకుండా చూసి, పెంటపోగును పెరటి చివరకు మార్చాం.

ఇక మామూలు దోమతెర కట్టి లాభం లేదు. దాని కన్నాల్లోంచి ఇవి దూరిపోతాయి. నేను రెండు పాత నేతచీరలు కలిపి చెవుల వెనకనుంచి తోక మొదలుదాకా వచ్చేలా కుట్టాను. పొట్ట కింద నడిగీతన బాగా కుడతాయి కనుక అక్కడికీ ఒక పట్టీ వేసి నాడాలు పెట్టాను. ముడి లాగితే ఊడిపోయేలా ఉండాలి. మేకుకు తగులుకుంటే గుర్రం బెదిరి కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది. పొద్దున విప్పేయాలి, చెమటకు తడిస్తే ఉతకాలి. మొదటి రోజు మా వీధి పిల్లలు "గుర్రానికి చీర కట్టారోయ్" అని వెంటపడ్డారు లెండి.

మందుల విషయం డాక్టరుగారికే వదలండి. పెర్మెత్రిన్ అనే మందు చల్లమన్నారు గాని, అది పిల్లులకు ప్రాణాంతకం. మా పిల్లి శాలలోనే పడుకుంటుంది, దాన్ని దూరంగా ఉంచడమే పెద్ద పనైంది. దురద మరీ ముదిరితే స్టెరాయిడ్లు ఇస్తారు. వాటివల్ల కొన్ని గుర్రాలకు డెక్కల్లో వాపు వచ్చి నడవలేకపోతాయి. కాబట్టి దుకాణంలో అడిగి తెచ్చి సొంతంగా పొడిపించకండి. పుండు పడ్డచోట చల్లని నీళ్ళతో కడిగి, ఆయన ఇచ్చిన పూతే రాశాను. అన్నిటికన్నా ముఖ్యం, దురద మొదలయ్యాక కాదు, తొలకరికి ముందే చీర తొడగాలి. ఒకసారి గోకుడు పట్టుకుంటే ఆపడం కష్టం.

ఈ శ్రావణంలో రాణికి నాలుగు ఊరేగింపులు కుదిరాయి. జూలు పూర్తిగా వచ్చింది. తోక మొదట్లో మాత్రం ఇంకా పల్చగానే ఉంది. అక్కడ చేమంతి దండ చుట్టి పంపిస్తున్నాను.