గోడమీది గీత



భద్రాచలమునకు దిగువను గోదావరి యొడ్డున మా యిల్లు గలదు. 2022 జూలై మాసమున భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నీరు మా నడవలోనికి వచ్చినది. వరద తీసిన పిదప గోడపై నా రొమ్మెత్తున బురదగీత యొకటి మిగిలెను. రెండుమారులు సున్నము కొట్టించితిని. వానకాలము రాగానే అది సున్నములోనుండి మరల పైకి తేలుచున్నది.

ఈ గీతను జూచుచుండగనే నేటి ప్రసంగవిషయము నాకు స్ఫురించినది. పట్టణములలో ఇన్‌స్టలేషన్ అను కళ యొకటి ప్రబలినది. పటమును చట్రములో బిగించి తగిలించుట గాక, గదినే చిత్రముగా జేయుట దీని పద్ధతి. గోడలపై గీతలు, తెరపై కదలు బొమ్మలు, ధ్వని, మంచము కుర్చీ వంటి యింటి సామాను, అన్నియు నొక్కచో గూర్తురు. చూచువాడు చిత్రము నెదుట నిలువడు. దాని లోనికే నడచును.

నా మనుమరాలు చేతిఫోనులో వీనిని జూపినప్పుడు మొదట నవ్వితిని. బడిపంతులకు క్రొత్తదానిని జూచి నవ్వుట యలవాటు గదా! పిదప రెండు సంగతులు నన్ను నిలిపినవి. జొహానెస్‌బర్గు వాసి విలియం కెంట్రిడ్జ్ అను చిత్రకారుడు బొగ్గుతో బొమ్మ గీసి, ఛాయాచిత్రము దీసి, కొంత చెరిపి, ఆ కాగితము మీదనే మరల గీయుచు 1989 మొదలు చలనచిత్రములు చేసినాడు. చెరిపినది పూర్తిగా బోదు; మసక మిగులును. మా గోడయు నంతియే. మన దేశపు చిత్రకారిణి నళినీ మలానీ గారు 1992లో బొంబాయి చిత్రశాల గోడలపైననే బొమ్మలు గీసి, ప్రదర్శనము ముగిసిన వెనుక వానిని కప్పివేయించిరి.

అయ్యలారా, ఇది మనకు వింతయా? వాకిటి ముగ్గు ఉదయమున బుట్టి సాయంకాలమునకు కాళ్లక్రింద బోవుచునే యున్నది. తోలుబొమ్మలాటలో తెర, దీపము, నీడ, పాట కలిసియే యుండును. మన మన్యమునందలి కోయలకు పడిగె యను గుడ్డపటము గలదు. దానిపై వేల్పుల గాథలు బొమ్మలుగా నిలిచియుండును; డోలు వాయించుచు ఆ గాథలను పాడువారు వేరుగా గలరు. మణుగూరు మండలము కూనవరమునకు జెందిన సకిని రామచంద్రయ్య గారు అట్లు పాడియే 2022లో పద్మశ్రీ నందిరి, 2024లో కీర్తిశేషులైరి. పాడువాడు పోయిన పిదప పటము మూగది.

అయినను పటమును చుట్టి చంకబెట్టుకొని పోవచ్చును, గోడను గొనిపోలేము. చింతూరు, వరరామచంద్రాపురము, కుక్కునూరు, వేలేరుపాడు మొదలగు మండలములు పోలవరము నిమిత్తమై 2014లో ఆంధ్రప్రదేశమున జేర్చబడినవి. అచ్చటి ముంపు గ్రామములవారు ఇండ్లు విడిచి పునరావాసపు కాలనీలకు బోవలసినవారు. మలానీ గారి గోడ వారి యిష్టమున చెరిగినది. వీరి గోడలు వీరి యిష్టమున బోవుట లేదు. కనుక ఇల్లు విడుచుటకు ముందే ఆ యింటి యరుగును, గోడమీది ముగ్గును, ముసలమ్మ గొంతుతో సహా, ఆ యింటిలోననే ఫోనులో బట్టుడని మీ మనుమలతో జెప్పుడు. క్రొత్త కాలనీలో కూర్చుండబెట్టి చెప్పించిన కథ వేరగును.

మొన్న నా మనుమరాలు మా యింటిదానిని ఆ బురదగీత ప్రక్కను నిలిపి, వరదరాత్రి సంగతి చెప్పించి చిత్రము దీసినది. మూడవమారు సున్నము కొట్టుటకు మనిషిని పిలిచియుంటిని. ఇక రావలదని కబురంపితిని.