బీరువాలోని తొమ్మిది సంపుటములు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి లెక్కలు వ్రాసి కాలము గడుపుచున్న నావంటివాడు పెద్దలు కూర్చున్న వేదికపై నిలిచి మాటలాడుట సాహసమే. బడిలో నేను చదివినది కొద్ది. భారత భాగవతములు నిఘంటువు ప్రక్కన పెట్టుకొని రాత్రివేళల నాకు నేను చదువుకొన్నవి. ఈ గ్రంథాలయము లేకున్న ఆ మాత్రమైనను దక్కెడిది కాదు. ఆ ఋణములో ఒక పద్దు తీర్చుకొనుటకై, నేడు మన బీరువాలోని ఒక పుస్తకముల వరుసను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

బీరువా పై అరలో తొమ్మిది ఇంగ్లీషు సంపుటములు కలవు. మీలో చూచినవారు పలువురు, తెరచినవారు తక్కువ. పండ్రెండేండ్ల క్రిందట నేను పనిమీద పట్నము పోయి, తిరుగు ప్రయాణమున దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితిని. అక్కడ ఒక పాతపుస్తకముల వర్తకుని యొద్ద, పోటీపరీక్షల గైడ్ల గుట్టల క్రింద ఇవి పడియుండెను. వానిని తూకమున కమ్మివేయవలెనని ఆయన తలంపు. తొమ్మిది వందల రూపాయలకు బేరము కుదిరినది. గోనెసంచిలో వేసుకొని, ఎల్.బి.నగర్ కూడలిలో మన ఊరి బస్సెక్కితిని. ఇంటికి వచ్చి సరిచూడగా పది సంపుటములలో తొమ్మిదవది లేదు. మైకేలాంజెలో చరిత్ర ఉండవలసినది అందులోనే. బొమ్మలకై ఎవరో దానిని వేరుచేసి యుందురని నా ఊహ.

ఇది జార్జియో వసారీ అను ఇటలీ దేశీయుడు రచించిన చిత్రకారుల, శిల్పుల, వాస్తుశిల్పుల జీవితచరిత్ర. ఆయన 1511లో అరెజ్జో పట్టణమున జన్మించి 1574లో ఫ్లోరెన్సులో మరణించెను. తానును చిత్రకారుడే, నేడు చిత్రశాలగా ప్రసిద్ధికెక్కిన ఉఫీజీ భవనమునకు రూపకల్పన చేసినవాడు. ఈ గ్రంథము మొదట 1550లో వెలువడెను. పెంచి, దిద్ది, 1568లో రెండవమారు అచ్చువేయించెను. మనయొద్ద నున్నది గాస్టన్ డి వేర్ చేసిన ఇంగ్లీషు అనువాదము. 1912 మొదలు 1915 వరకు లండనులో పది సంపుటములుగా వచ్చినది. యూరపు ఖండమున కళలు మరల చిగిర్చిన కాలమును చరిత్రకారులు పునరుజ్జీవన కాలమందురు. ఆ కాలపు ఇటలీ కళాకారుల బ్రతుకులు లోకమునకు తెలిసినవన్న, అది చాలవరకు ఈ ఒక్క పుస్తకము చలువయే.

చదువుట కష్టమని జంకవలదు. జియోట్టో అను గొఱ్ఱెల కాపరి పిల్లవాడు రాతిపై గొఱ్ఱె బొమ్మ గీయుచుండగా, ఆ దారిని పోవుచున్న చిమాబూయే అను చిత్రకారుడు చూచి, తండ్రి ననుమతి యడిగి శిష్యునిగా తోడుకొనిపోయెనట. ఉచ్చెల్లో అను నతడు, దూరపు వస్తువులు ఎంతెంత చిన్నవిగా కనబడునో ఆ లెక్కలో మునిగి, భార్య నిద్రకు పిలిచినను లేవక, ఆ విద్య తీపిని పొగడుచు కూర్చుండెనట. పోతనను గూర్చి, వేమనను గూర్చి మన పెద్దలు చెప్పు కథలవంటివే ఇవి. నిజమెంతో కల్పన యెంతో తేల్చుట కష్టము. మనిషి మాత్రము కండ్లకు కట్టును.

అయితే వసారీ పొరపడినచోట్లును కలవు. అందొకటి ఘోరమైనది. ఆండ్రియా దెల్ కస్తాన్యో అను చిత్రకారుడు అసూయచేత తన స్నేహితుడు దొమెనికో వెనిత్సియానోను చంపెనని వసారీ వ్రాసెను. మూడు వందల ఏండ్లు లోకము దానిని నమ్మెను. తరువాతి పరిశోధకులు పాత కాగితములు తిరుగవేయగా, కస్తాన్యో 1457లో మరణించినట్లును, దొమెనికో 1461 వరకు జీవించినట్లును తేలినది. చంపెనన్నవాడు, చచ్చెనన్నవానికంటె నాలుగేండ్లు ముందే పోయినాడు! ఎవరో వ్రాసియుంచిన రెండు తేదీలు ఒక నిర్దోషికి అంటిన మచ్చను కడిగివేసినవి. లెక్కలు వ్రాయువాడను గనుక ఈ సంగతి నన్ను మిక్కిలి కదిలించినది.

మరియొక విశేషము. రెండవ ముద్రణమున వసారీ ఒక్కొక్క చరిత్రకు ముందు ఆ కళాకారుని ముఖచిత్రమును చెక్కించి వేయించెను. కొందరి రూపము దొరకలేదు. అట్టిచోట్ల చట్రము మాత్రము వేసి, నడుమ ఖాళీ విడిచెను. ఆ ఖాళీని గూర్చి తెలిసికొన్ననాడు ఆయనపై నాకు గౌరవము రెట్టించినది. తెలియని పద్దును ఊహతో నింపరాదు, గడిని కొట్టివేయనురాదు.

మనకిట్టి గ్రంథము లేదాయని మీరడుగవచ్చును. కవులకున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రము వ్రాసిరి. నైజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవులు! వాదించి గెలుచుటకంటె పేర్లు వ్రాసి చూపుట మేలని ఆ మహనీయుడు హైదరాబాదులో కూర్చుండి నిరూపించెను.

మరి శిల్పుల మాటయేమి? 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఆలయమును 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. కట్టించినవాని పేరు శాసనమున కలదు. చెక్కిన శిల్పి రామప్పయని జనశ్రుతి. అంతకుమించి ఆయన బ్రతుకు మనకందలేదు. మన సాలార్‌జంగు మ్యూజియమున మేలిముసుగు రెబెకా విగ్రహము ముందు నిలిచిన బడిపిల్లవాడు బెంజోనీ అను ఇటలీ శిల్పి పేరు చెప్పగలడు. తన ఊరి గుడి తలుపు చెక్కినవాని పేరు చెప్పలేడు. అంతదూరమేల? దిల్‌సుఖ్‌నగర్ ఒక జాగీర్దారు పేరున వెలసినదందురు. ఎల్.బి.నగర్ లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు మోయుచున్నది. అక్కడి మేడలకు రాయి మోసి, గోడ లేపిన మేస్త్రీల పేర్లను ఏ వీధి మోయుచున్నది?

ఇక నా తప్పు నేనే ఒప్పుకొనవలెను. మన గుడి ద్వారబంధమును, రథపు చెక్కడమును చేసిన వడ్ల తాత మీకందరకు తెలియును. ఆయనకిచ్చిన కూలి ఇరువదేండ్లు నా చేతితోనే వ్రాసితిని. మొన్న ఆ పాత పుస్తకములు తీసి చూచితిని. ప్రతి పద్దునందును “వడ్ల పనికి కూలి” అనియే యున్నది. ఒక్కచోటనైన పేరు లేదు. ఎవరియొద్ద నేర్చెనో, ఆ హంసల వరుస నెక్కడ చూచి చెక్కెనో ఒకసారి అడుగబోతిని. “పేరు రాసి ఏం జేస్తవు పంతులూ, తలుపు కనబడుతనే ఉన్నది గద” అని నవ్వి, బాడిస చేతికెత్తుకొనెను. తరువాత అడుగవచ్చునని ఊరకుంటిని. ఆయన పోయి ఆరేండ్లైనది. నా పద్దు కూలిని దాచినది, మనిషిని దాచలేదు.

ఇప్పుడీ తొమ్మిది సంపుటములకు ఒక వర్తకుడు మంచి ధర చెప్పియున్నాడు. పుటలు విప్పి, బొమ్మలకు అద్దములు కట్టించి అమ్మునట. మన పైకప్పు కారుచున్న మాట నిజము. అమ్ముదమన్న సభ్యులది గ్రంథాలయ క్షేమము కోరిన మాటయే. కాని తొమ్మిదవ సంపుటమునకు పట్టిన గతి మిగిలినవానికి మన చేతులమీదుగా పట్టింపవలదని నా విన్నపము. కప్పుకు చందాలెత్తుదము, మొదటి చందాగా ఒక నెల జీతము నేనిచ్చెదను.

రెండవ విన్నపము మరింత సులభము. ఈ బల్లపై ఒక ఖాళీ లెక్కల పుస్తకము తెచ్చిపెట్టితిని. మన చుట్టుప్రక్కల వడ్లవారు, కమ్మరులు, కుమ్మరులు, సాలెలు, గోడలకు బొమ్మలు వ్రాసినవారు, ఒగ్గుకథ చెప్పినవారు—ఒక్కొక్కరికి ఒక పుట. పేరు, పుట్టిన ఊరు, గురువు, చేసిన పని, సంవత్సరము, చెప్పినవారి పేరు. తెలియని గడి ఖాళీగా నుండవలెను. రేపు మరియొకరికి తెలియవచ్చును. పిల్లలారా, ఈ పని మీది. ఇంటి పెద్దలు ఉండగనే అడుగుడు. నావలె తరువాత చూతమనవలదు.

మొదటి పుట నేనే వ్రాసితిని. వడ్ల తాత పేరు ఇంటిపేరుతో సహా అందున్నది. గురువన్న గడి ఖాళీగా నున్నది. ఎరిగినవారు సభ ముగిసిన పిదప వచ్చి నింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.