పేరుపలకల వ్యయము



2013లో పాలకుర్తియందెవరైనను ఊరు, జిల్లా, రాష్ట్రము చేర్చి యొక పేరుపలక వ్రాయించియున్నచో, వారి పాటు తలంచుకొనుడు. 2014 జూన్ 2న రాష్ట్రము పేరు మాఱెను. 2016 అక్టోబరు 11న పాలకుర్తి వరంగల్లు జిల్లానుండి జనగామ జిల్లాలో చేరెను. నాలుగేండ్లలోపల పలకను రెండు మాఱులు దిద్దింపవలసివచ్చెను. ఊరిపేరు మాత్రము చెక్కుచెదరలేదు. మాఱునదియు మాఱనిదియు నొకే రేకుపై వ్రాయించుటచేతనే ధనము వృథాయగుచున్నది. గుట్టమీది సోమేశ్వరుని దర్శనమునకు వచ్చువానికి దారి కావలెనుగాని జిల్లా పేరెందులకు?

మీలో ననేకులు హనుమకొండలోనో హైదరాబాదులోనో బిడ్డలయొద్ద కొన్ని మాసములు గడపుచుందురు. అచటి అపార్టుమెంట్లలో నీ దుబారా మఱింత కనుపడును. ద్వారమునొద్ద పెద్ద పలక. దానిపై భవనము పేరు, దానిక్రింద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు. (కొన్నిచోట్ల భవనము పేరుకన్న వీరి పేర్లే పెద్దవి!) ఎన్నిక జరిగినప్పుడెల్ల పలక యంతయు క్రొత్తది చేయింతురు. భవనము పేరును రాతిపై చెక్కించినచో వ్యయ మొకసారియే. వేయిస్తంభముల గుడిలో రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనము నేటికిని నిలిచియున్నది. కార్యవర్గమువారికి చిన్న రేకుముక్కలు మరలతో బిగించిన చాలును; మాఱినవాని ముక్కయే మాఱును.

చౌకయని ఫ్లెక్సీ కట్టుదురు. మన యెండకు దాని రంగు వెలిసి, గాలికి చినుగును. పెండ్లికి, జాతరకు నది తగును; ఏండ్లు నిలువవలసినదానికి దగదు. ఇనుపరేకైనచో తుప్పు మొదట కోసిన యంచులయందును, మరల బెజ్జములయందును బుట్టును. కావున రంగునకు ముందు రెడ్ ఆక్సైడు పూతను అంచులకుగూడ బూయింపవలెను. ఈ పూత మానిపించి మిగిల్చిన రూపాయలు రెండుమూడు వానకాలములలో తుప్పై రాలును. అంతస్తుల సంఖ్యలకు పలకయే యక్కరలేదు. రేకులో పది అంకెలకు మూసలు కత్తిరించుకొన్నచో, ఎన్ని యిండ్లకైనను గోడమీదనే వ్రాయవచ్చును.

పది యడుగుల దూరమునకు అంగుళము ఎత్తు అక్షరమని పలకలవారి లెక్క. అది యింగ్లీషు అక్షరములకు సరి. మనకు గుడులు, కొమ్ములు, వత్తులు కలవు గనుక కొంత పెంచవలెను. చోటు చాలదందురా, మాటలు తగ్గింపుడు. “దయయుంచి వాహనములను ఈ ప్రదేశమున నిలుపవలదని మనవి” అనుదానికి “బండ్లు నిలుపరాదు” చాలును.

ఒక్కచోట మాత్రము బేరమాడవలదు. నిప్పంటుకొన్న రాత్రి దీపములారును, పొగ క్రమ్మును. అప్పుడు లిఫ్టు ఎక్కరాదను మాట లిఫ్టు తలుపునొద్దనే యుండవలెను. మెట్లదారి చూపు పలక, వెలుగును గ్రహించి చీకటిలో మెఱయు రేకుతో చేసినదై యుండవలెను. దానిపై బొమ్మయు నుండవలెను. తెలుగు రాని కావలివానికిని, ఏ అక్షరమును రాని అవ్వకును దారి తెలియవలెను గదా. దానికడ్డముగ పూలకుండీయో సైకిలో పెట్టియున్నచో, తొలగించుటకు దమ్మిడీ వ్యయము లేదు.