ఊరు కూడా భాగస్వామే



విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చేసే ప్రజారోగ్య పరిశోధన గురించి మాట్లాడుకోవడానికి దేవరకొండను ఎంచుకున్నందుకు నిర్వాహకులను మనసారా అభినందిస్తున్నాను. ఇక్కడ ఈ చర్చను పుస్తకాలతో మొదలుపెట్టనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు వెళ్తే బోరు నీళ్లు తాగి నడుము వంగినవాళ్లు, కాళ్లు వంకరపోయినవాళ్లు ఇప్పటికీ ఎదురవుతారు. తాగునీటిలోని ఫ్లోరైడ్ తెచ్చిన జబ్బు ఇది, పేరు ఫ్లోరోసిస్. మన నల్లగొండ జిల్లాలో దీని గురించి ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అంటే మన నొప్పి లండన్‌లో అచ్చయి డెబ్భై ఏళ్లు. ఆ వ్యాసంలో ఏముందో మన ఊళ్లకు ఎవరు చదివి చెప్పారు? ఈ రోజు నేను అడగదలచుకున్నదంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మనం ప్రపంచానికి రోగులనే ఇచ్చామనుకోవడం తప్పు. ఒక పద్ధతిని కూడా ఇచ్చాం. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. నీళ్లలో ఈ రెండూ కలిపి, మొదట వేగంగా, తర్వాత మెల్లగా తిప్పితే తెల్లటి మడ్డి కట్టి అడుక్కు చేరుతుంది. పైన తేరిన నీళ్లు తీసుకోవాలి. ఈ పద్ధతి టాంజానియా దాకా వెళ్లింది. అక్కడ డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు స్థానికులతో కలిసి దీన్ని ఇంట్లో బకెట్‌తో చేసుకునేలా మలిచారు. అయితే దీనికి రోజూ కొలత తప్పని చేయి కావాలి, పటిక చాలా పడుతుంది, మడ్డిని ఎక్కడో పారబోయాలి. అందుకే చాలాచోట్ల నిలవలేదు. మన దగ్గర ఊరట ఇచ్చింది గొట్టాల్లో వచ్చిన కృష్ణ నీళ్లే. ఆ నీళ్లు కొత్త పిల్లల ఎముకలను కాపాడతాయి గాని, వంగిపోయిన నడుములను నిలబెట్టలేవు. వాళ్ల సంరక్షణ మీద పరిశోధన ఇంకా సరిపోయినంత జరగలేదని నా గట్టి అభిప్రాయం.

భాగస్వామ్యం ఎలా ఉండాలో చూపే మంచి ఉదాహరణ మనకు దగ్గర్లోనే, రంగారెడ్డి జిల్లాలో ఉంది. 1987-90 మధ్య హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ అక్కడి 29 ఊళ్లలో ఒక అధ్యయనం చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ అదనపు ఆహారం అందింది. తక్కిన 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు వచ్చాక, 2003-05లో, బ్రిస్టల్ విశ్వవిద్యాలయం, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులతో కలిసి వాళ్లను మళ్లీ వెతికి పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వాళ్ల రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిన ముద్ద పదిహేనేళ్ల తర్వాత గుండెకు మేలు చేస్తుందని ఆ 2008 వ్యాసం సూచించింది. తర్వాత తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకున్నారు. బార్సిలోనా పరిశోధకులు వచ్చి అదే ఊళ్లలో పొయ్యి పొగను, గాలి కాలుష్యాన్ని కొలిచారు.

ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది వరుస. ముందు అంగన్‌వాడీ ఉంది, తర్వాత మన సంస్థ వచ్చింది, విదేశీ విశ్వవిద్యాలయాలు ఆ తర్వాతే వచ్చాయి. ప్రశ్న ఇక్కడ పుట్టింది, దాన్ని లోతుగా తవ్వే పనిముట్లు అక్కడినుంచి వచ్చాయి. ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో ఖమ్మం చూపించింది. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశాయి. ఎంతోమంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలా చోట్ల వార్డెన్లు పెట్టారు. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఇవాళ ఎన్నో దేశాలు వేస్తున్నాయి. మంచి టీకా మీద కూడా జనానికి అనుమానం పుట్టించింది అడగకుండా చేసిన పనే.

చందంపేట, డిండి తండాల్లో పరిశోధనకు వచ్చేవాళ్లకు ఈ వేదిక మీదనుంచి నేను చెప్పేది ఇదే. లంబాడీ భాషకు వాడుకలో సొంత లిపి లేదు. కాబట్టి అంగీకార పత్రాన్ని ఇంగ్లీషులో ముద్రించి వేలిముద్ర తీసుకుంటే అది అంగీకారం కాదు. వాళ్ల భాషలో నోటితో చెప్పాలి, ప్రశ్నలు అడగనివ్వాలి, వద్దంటే గౌరవించాలి. రక్త నమూనా ఎక్కడికి వెళ్తుందో, ఎన్నేళ్లు దాస్తారో చెప్పాలి. ఫలితం విదేశీ పత్రికలో అచ్చయిన ఏడాదిలోపు అదే ఊళ్లో గ్రామసభ పెట్టి తెలుగులో, లంబాడీలో వినిపించాలి. ఇల్లిల్లూ తిరిగి వివరాలు సేకరించిన ఆశా కార్యకర్తల పేర్లు ఆ వ్యాసంలో ఉండాలి. సభలో ఉన్న రచయితలకు కూడా ఈ సందర్భంలో ఒక విన్నపం: ఆ వ్యాసాలను తెలుగు చేయండి, మీ కలానికి ఇంతకంటే అవసరమైన పని ఈ నేలమీద ఇప్పుడు లేదు.

ఈ షరతులను తీర్మానంగా సాయంత్రం సభ ముందు పెడతాను. ఈలోగా పత్ర సమర్పకులను ఒక్కటే కోరుతున్నాను: మీ పత్రం ఏ ఊరి గురించో, ఆ ఊరికి దాని సంగతి తెలుసో లేదో ముందుగా చెప్పి, ఆ తర్వాత చదవండి.