బుద్ధ భగవానుని కడపటి ప్రయాణము

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బుద్ధ భగవానుని జీవితమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరిరి. లుంబినీ వనమున జననము, మహాభినిష్క్రమణము, బోధివృక్షచ్ఛాయలో జ్ఞానోదయము, సారనాథమున ప్రథమోపదేశము, ఇవి మన పిల్లలకు సైతము పరిచితములే. కావున వానిని విడిచి, ఆ మహనీయుడు ఎనుబదియేండ్ల ప్రాయమున చేసిన కడపటి ప్రయాణమును గూర్చి మాత్రమే మనవి చేయదలచితిని. పాలి భాషలోని దీఘనికాయమునందలి మహాపరినిబ్బాన సుత్తము ఈ కథను సవిస్తరముగ తెల్పుచున్నది. అది ఒక రాజోద్యోగి రాకతో ప్రారంభమగుట మనవంటి వారికి ఆసక్తి గొల్పు విషయము.

మగధరాజు అజాతశత్రువు గంగకు ఆవలనున్న వజ్జుల గణరాజ్యమును నిర్మూలింప సంకల్పించెను. దండెత్తుటకు మున్ను తథాగతుని అభిప్రాయము తెలిసికొనుటకై తన అమాత్యుడగు వర్షకారుని రాజగృహము చెంతనున్న గృధ్రకూటమునకు పంపెను. భగవానుడు అమాత్యునకు నేరుగా బదులు చెప్పలేదు. వెనుక నిలిచి వీచుచున్న ఆనందుని ఏడు విషయములు అడిగెను. వజ్జులు తరచుగా సభ కూడుదురా, కలిసి కూడి కలిసియే లేతురా, పూర్వమర్యాదలను పాటింతురా, వృద్ధుల మాట మన్నింతురా, స్త్రీలను బలాత్కరింపకుందురా, తమ చైత్యములను పూజింతురా, సాధువులను సంరక్షింతురా అనునవియే ఆ ప్రశ్నలు. అన్నిటికిని ఆనందుడు ఔననెను. ఈ గుణములున్నంత కాలము వారికి వృద్ధియే గాని క్షయము లేదని భగవానుడు తేల్చెను.

వర్షకారుడు చతురుడు. యుద్ధమున వజ్జులను గెలువజాలమనియు, మంచిమాటలతో లోబరచుకొనుటయో, వారిలో వారికి భేదము కల్పించుటయో తప్ప వేరు దారి లేదనియు గ్రహించెను. తరువాత, తనకు పనులు పెక్కు గలవని చెప్పి సెలవు పుచ్చుకొనెను. ఈ చివరి మాట మన కచేరీలలో నేటికిని వినవచ్చునదే!

అటుపిమ్మట జరిగినది అట్ఠకథ చెప్పుచున్నది. రాజాగ్రహమునకు గురియైనట్లు నటించి వర్షకారుడు వైశాలి చేరెను. ఒకరి చెవిలో ఒక మాట, మరియొకరి చెవిలో మరియొక మాట ఊదెను. మూడేండ్లు గడచుసరికి వజ్జులలో ఇరువురు ఒక త్రోవన నడువని స్థితి యేర్పడెను. శత్రువు వచ్చెనని భేరి మ్రోగించినను ఎవరును సభకు రాలేదు.

హితముగ పలికిన మాట అపకారికి ఆయుధమైనది గదా, భగవానుడు మౌనము వహించిన మేలు గాదా అని ఎవరైన అడుగవచ్చును. నాకు తోచిన సమాధానమిది. ఈ సప్త ధర్మములు రహస్యములు కావు. వైశాలిలోని సారందద చైత్యమున వజ్జులకు వానిని అంతకుమున్నే ఆయన స్వయముగ బోధించియుండెను. వర్షకారుడు వెడలినంతనే భిక్షువులను సమావేశపరచి, సంఘమునకు తగినట్లుగా వారికిని బోధించెను. ఒకే మాటను మువ్వురు వినిరి. శత్రువు జ్ఞప్తియందుంచుకొనెను, మిత్రులు మరచిరి. వజ్జుల పతనమునకు కారణము ఆ మాట కాదు, ఆ మరపు.

పాటలిగ్రామము మీదుగ గంగను దాటి భగవానుడు వైశాలి చేరెను. ఆమ్రపాలి యను గణిక ఆయనను భోజనమునకు పిలిచెను. లిచ్ఛవి ప్రభువులు ఆ భాగ్యమును తమకు విడువుమని లక్ష యిచ్చెదమన్నను ఆమె అంగీకరింపలేదు. భగవానుడును ఆమెకిచ్చిన మాటనే నిలుపుకొనెను. సమీపమునందలి బేలువ గ్రామమున వర్షాకాలము గడుపుచుండగా తీవ్రమైన వ్యాధి సోకెను. సంఘమునకేమైన చివరి ఆదేశమిత్తురని ఆనందుడు ఆశించెను. తాను పిడికిట దాచుకొన్న మర్మమేదియు లేదనియు, ఎవరికి వారే ఆశ్రయమై ధర్మమును శరణు పొందవలెననియు ఆయన తెలిపెను. తాను లేనిదే పని సాగదనిపించుకొనుటను గొప్పగా తలచువారు ఏ కాలమునందైనను కలరు. తాను లేకున్నను సాగవలెనని కోరినవాడు గురువు.

పావలో కమ్మరి చుందుని యింట భుజించిన పిమ్మట వ్యాధి ముదిరెను. మరణ వేదనలో సైతము ఆయన చింత చుందుని గూర్చియే. అతనిని ఎవరును నిందింపరాదనియు, జ్ఞానోదయమునకు ముందటి భోజనమును ఈ కడపటి భోజనమును సమాన ఫలము గలవనియు అతనికి తెలుపుమని ఆనందుని ఆదేశించెను. ఇంతకన్న గొప్ప కరుణ నేనెరుగను.

కుశీనగరమున రెండు సాలవృక్షముల నడుమ ఆయన శయనించెను. ఇంత చిన్న యూర నిర్యాణమేల, చంప, శ్రావస్తి, వారణాసి వంటి మహానగరములు లేవా యని ఆనందుడు వాపోయెను. ఆ యూరును తక్కువ చేయవద్దనియు, పూర్వమది మహారాజధానియనియు భగవానుడు వారించెను. చిన్న యూరికి బదిలీ యైనంతనే క్రుంగిపోవు మనకు ఇది మంచి ఓదార్పు. అంత్యఘడియలలో వచ్చిన సుభద్రుని ఆనందుడు అడ్డగింపగా, రానిమ్మని పిలిచి అతనికి ధర్మము బోధించెను.

నిర్యాణానంతరము ధాతువులకై రాజులు పోటీపడిరి. క్షమ నేర్పిన వాని అస్థికలకై పోరు తగదని ద్రోణుడను బ్రాహ్మణుడు నచ్చజెప్పి, వానిని ఎనిమిది భాగములుగ పంచెను. బుద్ధధాతువులయందలి ఆ భక్తి మన తెలుగునేలకును చేరినది. నేటి బాపట్ల జిల్లాలోని భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకములు జరుపగా, ప్రాచీన శాసనములతో కూడిన ధాతు కరండములు బయల్పడినవి. పిప్రాహ్వాలో లభించిన ధాతువులు ఢిల్లీ జాతీయ సంగ్రహాలయమున కలవు. వీలున్నవారు పిల్లలను తోడ్కొనిపోయి చూపుట మేలు.

సోదరులారా! స్వస్థలములకు దూరముగ నున్న మనకు సంఘమే ఊరు, సంఘమే బంధువర్గము. ఇట్టి సంఘములు ధనాభావముచే చెడుట అరుదు. చెవిలో ఊదిన మాటలచే చెడుట తరచు. అభిప్రాయభేదము లుండనిండు, అవి సభలో అందరి యెదుట పలుకబడనిండు. పిలుపు వినినపుడు రండు. కలిసి కూర్చుండి, కలిసియే లెండు. వజ్జులు మరచినది మనము మరువకుందుము గాక.