మూటకు బరువుంది, మోసినవాడికి హక్కులున్నాయి

కోల్‌కతాలో తెలుగు విద్యార్థులు, పరిశోధకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఈ నగరానికీ మన రాజ్యాంగానికీ ఉన్న సంబంధం మీకు తెలిసిందే. 1946లో బొంబాయి నుంచి రాజ్యాంగ సభకు వెళ్లే దారి మూసుకుపోతే, జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరుల అండతో బాబాసాహెబ్ బెంగాల్ నుంచి ఎన్నికయ్యారు. విభజనతో ఆ స్థానం పోయి, తర్వాత బొంబాయి నుంచి తిరిగి వచ్చారు. ఆ సభలోనే 1949 సెప్టెంబర్ 15న ఆయన 15-ఏ అనే అధికరణాన్ని ప్రతిపాదించారు. అదే నేటి 22వ అధికరణం. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. 21వ అధికరణంలోంచి ‘డ్యూ ప్రాసెస్’ అనే మాట పోయినందువల్ల వచ్చిన లోటును కొంతైనా పూడ్చడానికే దీన్ని తెచ్చారు.

నేను విచారణ ఖైదీల మీద పరిశోధన చేస్తున్నాను. మాదకద్రవ్యాల కేసుల ప్రస్తావన వస్తే చదువుకున్నవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: ‘ఏదో టెక్నికల్ పాయింట్ మీద బయటపడ్డాడు’ అని. ఆ పాయింట్లు చట్టంలో కంతలు కావు. ఈ చట్టం కింద పేదవాడికి మిగిలిన రక్షణ దాదాపు అవే. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఎందుకో చూద్దాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం శిక్షను ముఖ్యంగా బరువును బట్టి తేలుస్తుంది. గంజాయి కిలో లోపైతే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు కనీస శిక్షే పదేళ్లు, జరిమానా కనీసం లక్ష రూపాయలు. ఆ మూట ఎవరి పెట్టుబడి, లాభం ఎవరిది అన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. విశాఖ మన్యం నుంచి, సరిహద్దు అవతల మల్కన్‌గిరి, కోరాపుట్ నుంచి గంజాయి రాష్ట్రాలు దాటిపోతోంది. 2021 చివర్లో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. తోట ఎవరి డబ్బుతో వేసినా, దారిలో మూటతో పట్టుబడేది కూలికి మోసినవాడే.

చింతపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ఆదివాసీ యువకుడు 25 కిలోల సంచితో హౌరాలో దొరికాడనుకుందాం. 35, 54 సెక్షన్ల ప్రకారం, సరుకు అతని ఆధీనంలో ఉందని రుజువైతే చాలు, తనకు తెలియదని నిరూపించుకునే భారం అతని మీదే పడుతుంది. 37వ సెక్షన్ ప్రకారం, అతను నిర్దోషి అని నమ్మడానికి తగిన ఆధారాలున్నాయనీ, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడనీ కోర్టుకు అనిపిస్తేనే బెయిల్. మరి అతని వకీలు ఏం అడగాలి?

మొదటి ప్రశ్న భాషది. కారణాలు అతనికి అర్థమయ్యే భాషలో చెప్పారా? నిర్బంధ ఉత్తర్వు కారణాలు మనిషికి తెలిసిన భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 1962లోనే హరికిషన్ కేసులో చెప్పింది. 2025 నవంబర్‌లో మిహిర్ రాజేష్ షా కేసులో, నేరం ఏదైనా సరే అరెస్టు కారణాలు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలంది. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం ఉందా, ఇంటివాళ్లకు కబురు చేశారా అన్నవి కూడా అడగాలి. ఈ నియమాలు 1996 నాటి డి.కె. బసు తీర్పువి. 1986లో ఈ రాష్ట్రపు న్యాయ సహాయ సంస్థ నుంచి వెళ్లిన ఒక ఉత్తరమే ఆ కేసైంది.

రెండోది సోదా. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ముందుగానీ మేజిస్ట్రేట్ ముందుగానీ సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం చెప్పాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇది తప్పనిసరి అంది. ఇద్దరు దొరికితే ఇద్దరికీ విడివిడిగా చెప్పాలని 2014లో పరమానంద్ తీర్పు. కానీ చేతిలోని సంచికి ఈ సెక్షన్ వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో తేలింది. మన ఉదాహరణలో సరుకు సంచిలోనే ఉంది కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకోకూడదు.

మూడోది తూకం. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పూత, కాయ భాగం. ఆ భాగం లేకుండా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందకు రావు. 25 కిలోల్లో వేళ్లూ కాడలూ ఎంత? అవి తీసేస్తే 20 కిలోల గీత దాటుతుందా? దాటకపోతే 37వ సెక్షన్ అడ్డే ఉండదు. శాంపిళ్లు 52-ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేట్ సమక్షంలో తీశారా? 2016 మోహన్‌లాల్ తీర్పు దీన్ని గట్టిగా చెప్పింది. అయితే ఆ లోపం ఒక్కటే కేసును కొట్టేయదని 2025 జనవరిలో భరత్ ఆంబలే కేసులో కోర్టు అంది. మిగతా సాక్ష్యంతో కలిపి వాదించాలి.

నాలుగోది వాంగ్మూలం. ఈ చట్టం కింద అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు చెప్పింది.

ఐదోది రోజుల లెక్క. వాణిజ్య పరిమాణం కేసుల్లో చార్జిషీటుకు గడువు 180 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక మీద కోర్టు దాన్ని ఏడాది దాకా పొడిగించవచ్చు. గడువు పొడిగించకుండా చార్జిషీటు రాకపోతే డీఫాల్ట్ బెయిల్ హక్కు. కానీ చార్జిషీటు పడకముందే అడగాలి, పడ్డాక ఆ హక్కు పోతుంది. అడిగేవాడు లేక ఆ తేదీ దాటిపోతే, రోజు తేడాతో ఏళ్లు పోవచ్చు. విచారణ ఏళ్లతరబడి సాగితే 37వ సెక్షన్ ఉన్నా బెయిల్ ఇవ్వవచ్చని 2023లో మహమ్మద్ ముస్లిం, రబి ప్రకాష్ కేసుల్లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ గంజాయి కేసులే.

ఇవన్నీ ఎవరికి అందుతాయి? తొలి రోజునే వకీలు దొరికినవాడికి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు హక్కు. కాగితం మీద ఇది చాలా పెద్ద హక్కు. కానీ తెలుగో కువియో తప్ప రాని మనిషికి, బెంగాలీ మాట్లాడే వకీలు ఐదు నిమిషాలు దొరికితే ఏం చెప్పుకుంటాడు? సంచి ఎవరిచ్చారో, తూచినప్పుడు ఎవరున్నారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో అతనొక్కడికే తెలుసు. అది వకీలు చెవిన పడకపోతే నేను పైన చెప్పిన తీర్పుల్లో ఒక్కటీ పనికిరాదు.

గంజాయి వ్యాపారాన్ని నేను సమర్థించడం లేదు. దానివల్ల పాడవుతున్నది మన బస్తీల పిల్లలే. వాడకానికి బానిసైనవాళ్లు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే, వాడకం కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64-ఏ సెక్షన్ కూడా ఇదే చట్టంలో ఉందని మీ క్యాంపస్‌లలో చెప్పండి. కానీ మోసినవాడికి పదేళ్లు వేసి, పెట్టుబడిదారుడి ఊసెత్తని కేసు వ్యాపారాన్ని ఆపదు. వాడి స్థానంలో ఇంకో కూలీ వస్తాడు.

ఇక్కడున్న మనకు రెండు భాషలో మూడు భాషలో వచ్చు. జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లి, తెలుగు ఖైదీకి దుభాషిగా ఉంటామని పేరివ్వండి. లా చదివేవాళ్లు రిమాండ్ తేదీ నుంచి 180 రోజులు లెక్కపెట్టి, గడువు ముగిసేలోపే వకీలుకు గుర్తు చేయండి. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఒక క్యాలెండర్, ఒక ఫోను, వినే ఓపిక ఉంటే చాలు.

జై భీమ్.